మెయిన్‌ఫ్రేమ్ సెషన్ మధ్యమధ్యలో ఊడిపోతోందా? ముందు ఎప్పుడు ఊడుతుందో చూడండి

అమలాపురంలోనో భీమవరంలోనో ఇంట్లో కూర్చుని నైట్ షిఫ్ట్‌లో జెడ్‌ఓఎస్ (క్లయింట్ పెద్ద కంప్యూటర్, అంటే మెయిన్‌ఫ్రేమ్, నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) సపోర్ట్ చేసేవాళ్ళకి ఈ బాధ తెలుసు. పని చేస్తూ చేస్తూ ఉండగా స్క్రీన్ బిగుసుకుపోద్ది, కాసేపటికి దానంతటదే మళ్ళీ లాగాన్ స్క్రీన్ వస్తది, నెట్‌వర్క్ టీమ్‌ని అడిగితే ఇప్పుడు బానే ఉంది కదండీ అంటారు. పూర్తిగా పోయిన నెట్‌ని పట్టుకోవడం తేలికే, ఇలా వచ్చీ పోయేదే ప్రాణం తీసేస్తది.

శివారు చేలకి నీళ్ళు రాలేదని ఎవరూ నేరుగా ధవళేశ్వరం పరిగెత్తరు కదా, ముందు బోదె చూసుకుంటారు. ఇక్కడా అంతే, టీసీపీఐపీ స్టాక్‌ని (మెయిన్‌ఫ్రేమ్‌లో నెట్‌వర్క్ చూసే ప్రోగ్రామ్) ఆపి మళ్ళీ మొదలుపెట్టేద్దాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, దాంతో ఉన్న ఆనవాళ్ళు కూడా పోతాయి. పోయిన టైమ్ సెకండ్లతో సహా రాసుకోండి, అప్పుడు ఏం చేస్తున్నారో, టీమ్‌లో ఇంకెవరికన్నా పోయిందో కూడా రాయండి. మన టైమ్ యూటీసీ కంటే 5:30 గంటలు ముందు, సిస్‌లాగ్‌లో (మెయిన్‌ఫ్రేమ్ మెసేజ్‌లన్నీ రాసుకునే లాగ్) ఉండేది క్లయింట్ ఊరి టైమ్, కలిపి చూడకపోతే వేరే గంటలో వెతుకుతూ కూర్చుంటారు.

మీ ఒక్కరికే పోతే ముందు ఇల్లు. మూడు విండోల్లో మూడు పింగ్‌లు (అవతలి మిషన్ పలుకుతుందా అని అడిగే కమాండ్) ఆపకుండా పెట్టండి, ఒకటి ఇంట్లో రూటర్‌కి, ఒకటి బయట గూగుల్ వాళ్ళ 8.8.8.8కి, ఒకటి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్ళే దారి) లోపల ఏదో సర్వర్‌కి. రూటర్ పింగే పోతే వైఫై, కేబుల్ గుచ్చి చూడండి. రెండోది పోతే లైను, మనవైపు ఫైబర్ కరెంటు స్తంభాల మీంచీ కొబ్బరిచెట్ల మధ్యనించీ వస్తది కాబట్టి గాలేస్తే ఏదో ఒకటి అవుద్ది. కరెంటు ఇలా పోయి అలా వచ్చినా ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే ఆ చిన్న డబ్బా రీస్టార్ట్ అవుద్ది, దానికో బుల్లి యూపీఎస్ కొనుక్కోండి, ఇన్వర్టర్ ఉన్నా సరే. మూడోది ఒక్కటే పోతే వీపీఎన్ వాళ్ళని పట్టుకోవాలి.

టీకి వెళ్ళొచ్చేసరికే పోతుందంటే అది ఐడిల్ (ఖాళీగా వదిలేసిన సెషన్) గొడవ, ఇందులో రెండు రకాలు. సెషన్‌కి ఎస్522 అబెండ్ (సిస్టమ్ మధ్యలో ఆపేసిందని చెప్పే కోడ్) వచ్చిందంటే అది నెట్‌వర్కే కాదు, సిస్టమ్ సెట్టింగుల ఫైలు ఎస్‌ఎంఎఫ్ పార్మ్‌లో జేడబ్ల్యూటీ టైమ్ (ఎంతసేపు ఖాళీగా ఉండొచ్చో చెప్పేది) దాటిందని సిస్టమే పంపించేసింది. అబెండ్ లేకపోతే మధ్యలో ఫైర్‌వాల్ మీద అనుమానం. అది ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని చప్పుడు లేకుండా మర్చిపోద్ది, ఇటు మెయిన్‌ఫ్రేమ్‌లో కీప్ అలైవ్ (అవతలివాడు ఉన్నాడా అని అడిగే గడువు) డీఫాల్ట్ 120 నిమిషాలు, అంటే అప్పటిదాకా మీరింకా ఉన్నారనే అది అనుకుంటది, అందుకే మళ్ళీ లాగాన్ అయితే యూజర్ ఐడీ ఆల్రెడీ వాడుకలో ఉందంటది, రీకనెక్ట్ పెట్టి లోపలికి పోవాలి. టీఎన్3270 సర్వర్‌లో (మీ స్క్రీన్‌ని మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపేది) టైమ్‌మార్క్ (ఎంతసేపు ఖాళీగా ఉంటే పలకరించాలి), స్కాన్ ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి చూడాలి) రెండూ కలిపినా ఫైర్‌వాల్ టైమ్ కంటే తక్కువ ఉండేలా దించితే సరిపోద్ది.

చిన్న స్క్రీన్లు బానే వచ్చి, ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో (జాబ్‌ల అవుట్‌పుట్ చూసే చోటు) పెద్ద అవుట్‌పుట్ తెరవగానే బిగుసుకుపోతే ఎంటీయూ, అంటే దారిలో పట్టే ప్యాకెట్ సైజు గొడవ. విండోస్‌లో పింగ్‌కి మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1472 పెట్టి కొట్టండి, 28 బైట్ల హెడర్లు కలిపి 1500 అవుద్ది. ఫ్రాగ్‌మెంట్ చెయ్యాలి (ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యాలి) అని మెసేజ్ వస్తే పర్లేదు, ఏ మెసేజూ లేకుండా టైమ్ అవుట్ అయితే దారిలో ఎవరో ఐసీఎంపీ (ఇలాంటి మెసేజ్‌లు మోసే ప్రోటోకాల్) ఆపేస్తున్నారు. సైజు తగ్గించుకుంటూ ఎక్కడ వెళ్తుందో కనుక్కుని ఆ నంబర్‌తో నెట్‌వర్క్ వాళ్ళ దగ్గరికి వెళ్తే మాట వింటారు.

అందరికీ ఒకేసారి, రోజూ రాత్రి బ్యాచ్ నడిచే టైమ్‌కే పోతుందా? ఎక్కువమంది కేబుల్ మీద పడేది ఇక్కడే, నేనైతే ముందు సీపీయూ చూస్తా. ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) వాడే చోట మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ పని చేసే ఓఎమ్‌రూట్ 10 సెకండ్లకోసారి హలో పంపాలి, 40 సెకండ్లు హలో లేకపోతే పక్క రూటర్ దీన్ని చచ్చిపోయిందనుకుని రూట్లు తీసేస్తది (ఇవి డీఫాల్ట్‌లు, మీ కాన్ఫిగ్‌లో మార్చి ఉండొచ్చు). బ్యాచ్ మొత్తం సీపీయూ తినేసి, డబ్ల్యూఎల్‌ఎమ్‌లో (ఎవరికి ముందు సీపీయూ ఇవ్వాలో తేల్చేది) ఓఎమ్‌రూట్‌ని ఎవరో కింది క్లాసులో పడేసి ఉంటే దానికి వంతే రాదు, బ్యాచ్ తగ్గగానే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి, ఇక పొద్దున్న చూసేవాడికి ఏం కనపడుద్ది? టీసీపీఐపీ, వీటామ్ (సెషన్లు చూసే ఇంకో నెట్‌వర్క్ ప్రోగ్రామ్), ఓఎమ్‌రూట్ మూడూ పై క్లాసు ఎస్‌వైఎస్‌ఎస్‌టీసీలో ఉన్నాయో లేదో చూడండి. పోయిన టైమ్‌లో ఓఎమ్‌రూట్ నైబర్స్ డిస్‌ప్లే కొట్టండి, అంతా బాగుంటే పక్క రూటర్‌కి స్టేట్ 128 ఉండాలి, అదే ఫుల్.

కొందరికి పోయి కొందరికి పోకపోతే, అదీ స్టాటిక్ రూట్‌లో రెండు గేట్‌వేలు ఉండి మల్టీపాత్ (కనెక్షన్లని రెండు దారుల్లో పంచేది) ఆన్‌లో ఉంటే, ఒక గేట్‌వే అవతల చచ్చి ఉండొచ్చు, ఓఎస్‌ఏ (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డ్) పోర్ట్ మాత్రం రెడీ అనే చూపిస్తది. గేట్‌వేలు రెంటినీ విడివిడిగా పింగ్ చెయ్యండి. నెట్‌స్టాట్ డెవ్‌లింక్స్ కమాండ్‌లో ఎర్రర్, డిస్కార్డ్ కౌంటర్లు మొదట్నుంచీ కూడుతూ పోయేవి, ఒక్కసారి చూస్తే ఏం తెలీదు, గంటకోసారి తీసి తేడా చూడండి, ఎర్రర్లు పెరుగుతుంటే ఫైబర్ కనెక్టర్ తుడిపించండి.

ఇంకా తేలకపోతే మెయిన్‌ఫ్రేమ్‌లో ప్యాకెట్ ట్రేస్, అంటే వచ్చే పోయే ప్యాకెట్లన్నీ రాసుకోవడం. మీ ల్యాప్‌టాప్ ఐపీ ఒక్కటే ఫిల్టర్ పెట్టండి, లేకపోతే బఫర్ నిండిపోద్ది, అదే టైమ్‌లో ల్యాప్‌టాప్‌లో అదే పని చేసే వైర్‌షార్క్ కూడా నడపండి. ఐపీసీఎస్‌లో (మెయిన్‌ఫ్రేమ్ ట్రేస్‌లు, డంప్‌లు చదివే టూల్) స్నిఫర్ ఆప్షన్‌తో మెయిన్‌ఫ్రేమ్ ట్రేస్‌ని కూడా వైర్‌షార్క్‌కి మార్చుకోవచ్చు. మీ వైపు రీసెట్ (కనెక్షన్ తెంపేసే ప్యాకెట్) మెయిన్‌ఫ్రేమ్ పేరు మీద వచ్చి, మెయిన్‌ఫ్రేమ్ ట్రేస్‌లో అది పంపినట్టే లేకపోతే మధ్యలో ఇంకోడు పంపాడన్నమాట. ఆ రెండు ఫైళ్ళూ, టైములూ టికెట్‌లో పెట్టి ఫైర్‌వాల్ టీమ్‌కి అసైన్ చేసెయ్యండి.