పరిశోధన పద్ధతులు - 6: ఆ అంకె ఎవరిది?

ఈసారి శాంప్లింగ్ (అందరినీ కాక కొందరిని ఎంచుకుని అడగడం) చెప్తానన్నాను. జనగణన అంకెలతో వలస గురించి రాయమన్న పోయినసారి అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. ఎక్కువమంది రాసింది దాదాపు ఇదే: "2011 జనగణనలో అక్షరాస్యత మహబూబ్‌నగర్ జిల్లాలో 55 శాతం, నల్లగొండలో 64. వలసకు పేరుపడింది మహబూబ్‌నగర్. కాబట్టి చదువురానివాళ్ళే ఎక్కువ వలసపోతారు."

మొదటి రెండు మాటలతో పేచీ లేదు. అవి జిల్లాల గురించి. మూడోది మనుషుల గురించి. జిల్లా నుంచి మనిషి మీదికి ఎప్పుడు దూకారో మీకే తెలియలేదు. గుంపు అంకె చూసి అందులోని మనుషుల గురించి తీర్మానించే ఈ పొరపాటునే ఎకలాజికల్ ఫాలసీ అంటారు. నిర్వచనం అందరికీ కంఠతా వచ్చు, రాసేటప్పుడే గుర్తుండదు.

లెక్కగా చూడండి. రెండు ఊళ్ళు ఊహించుకుందాం, ఒక్కోదాంట్లో 100 మంది. మొదటి ఊళ్ళో చదువురానివాళ్ళు 60, వలసపోయినవాళ్ళు 40. రెండో ఊళ్ళో చదువురానివాళ్ళు 30, వలస 20. ఊళ్ళను పోల్చితే చదువు తక్కువున్న చోటే వలస ఎక్కువ. ఇప్పుడు లోపలికి పోండి. మొదటి ఊరి 40 మందిలో 30 మంది చదువుకున్నవాళ్ళే అనుకోండి: చదువుకున్న 40లో 30 పోయారు, చదువురాని 60లో 10 మందే. రెండో ఊరి 20లో 18 మంది చదువుకున్నవాళ్ళు: 70లో 18, 30లో 2. రెండు ఊళ్ళలోనూ చదువుకున్నవాళ్ళే ఎక్కువ పోయారు. పై అంకెలు ఒక్కటీ మారలేదు, మీ ముగింపు మాత్రం తలకిందులైంది.

ఇది కాగితం మీది గారడీ కాదు. 1950లో రాబిన్సన్ అనే సామాజికవేత్త అమెరికా 1930 జనగణనతో ఇదే చూపించాడు. విదేశాల్లో పుట్టినవాళ్ళ శాతానికీ నిరక్షరాస్యతకూ రాష్ట్రాల స్థాయిలో సహసంబంధం (రెండూ కలిసి పెరిగితే ప్లస్, ఒకటి పెరిగితే రెండోది తగ్గితే మైనస్) -0.526, వ్యక్తుల స్థాయిలో +0.118. గుర్తే మారిపోయింది. వలస వచ్చినవాళ్ళు అక్షరాస్యత ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, అంతే.

"ఫ్రెంచి సామాజికవేత్త డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకంలో ప్రాంతాల అంకెలే వాడాడు కదా" అని ఇద్దరు అడిగారు. వాడాడు. రేటును సమాజపు లక్షణంగా చెప్పినంతవరకు ఆయనతో తగువు లేదు. ప్రొటెస్టెంట్లు ఎక్కువున్న చోట ఆత్మహత్యల రేటు ఎక్కువ కాబట్టి చనిపోయినవాళ్ళు ప్రొటెస్టెంట్లే అనుకుంటేనే చిక్కు. అక్కడ కొద్దిమందిగా ఉన్న క్యాథలిక్కులు కూడా అయ్యుండొచ్చు.

నేను వాడే అడ్డదారి: ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో జి, ఊ, ఇ, మ అని ఒక అక్షరం వేయండి. జిల్లా, ఊరు, ఇల్లు, మనిషి. ఆధారం పక్కన 'జి' ఉండి ముగింపు పక్కన 'మ' వస్తే ఆ ముగింపు కొట్టేయండి. అన్నట్టు, 2011 అంకె ఉమ్మడి జిల్లాది. 2016లో విడిపోయిన జిల్లాకు దాన్ని తగిలించకండి.

ఇక 'ఇ'. మద్దూరు వైపు ఒక ఇల్లనుకోండి: ముసలి దంపతులు, మనవడు ఊళ్ళో, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు గుంపు మేస్త్రీ (కూలీలను పనికి తీసుకుపోయేవాడు) వెంట ముంబైలో. "ఇంట్లో ఎంతమంది?" అంటే అవ్వ ఆరుగురంటుంది, పక్కింటాయన ముగ్గురంటాడు. జనగణన లెక్కలో ఇల్లంటే మామూలుగా కలిసి ఉంటూ, పని అడ్డొస్తే తప్ప, ఒకే వంటగదిలో తినేవాళ్ళు. రేషన్ కార్డు చూసి రాయకండి, పెళ్ళై పోయిన బిడ్డ పేరు అందులో ఇంకా ఉండొచ్చు. ఎంతమందని అడక్కుండా పేరుపేరునా అడగండి: "పోయిన ఉగాది నుంచి ఈ పొయ్యి మీద వండింది ఎన్ని నెలలు తిన్నడు?" వలసపోయినవాళ్ళు పీర్ల పండుగకు వస్తారని దాంతో లెక్క పెట్టించకండి, అది ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. ఎన్ని నెలలుంటే ఇంటి మనిషో ముందే నిర్ణయించి, షెడ్యూల్ (ఇంటింటికీ నింపే ప్రశ్నల పత్రం) మొదటి పేజీలోనే రాయండి. నాకు ఆరు నెలల గీత నచ్చుతుంది, కానీ వలస మీద పని చేసేవాళ్ళు గీత దాటనివాళ్ళ పేర్లూ ఉంచుకోవాలి, మీకు కావాల్సింది వాళ్ళే.

అభ్యాసం: పది ఇళ్ళ పేర్ల పట్టీ నింపండి. 'మూడు నెలలు', 'ఆరు నెలలు' రెండు గీతలతోనూ ఇంటి సగటు సైజు విడివిడిగా కట్టండి. తర్వాత మూడు ఊళ్ళతో, పైన చూసినట్టే తలకిందులయ్యే పట్టిక సొంతంగా తయారుచేయండి. నా అంకెలు వాడకండి.