యూనివర్సిటీ తొలి కెమిస్ట్రీ కోర్సుకు ఎలా సిద్ధం కావాలి

ఈ కోర్సులో విద్యార్థులు తరచూ తడబడేది లెక్కల దగ్గరే. క్లాసులు మొదలయ్యేలోపు ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, యూనిట్ల మార్పిడి, మోల్ (పదార్థంలోని కణాల సంఖ్యను కొలిచే ప్రమాణం) లెక్క చేతికి రావాలి. ఇది చేసి చూడండి: 0.100 మోలార్ (లీటరుకు 0.100 మోల్) ఉప్పు ద్రావణం 250.0 మి.లీ. తయారుచేయడానికి సోడియం క్లోరైడ్ ఎంత తూచాలి? 0.100 × 0.2500 × 58.44 = 1.46 గ్రాములు (0.2500 అంటే లీటర్లలో ఘనపరిమాణం, 58.44 అంటే ఒక మోల్ సోడియం క్లోరైడ్ గ్రాముల్లో తూగేది). మి.లీ.ను లీటర్లలోకి మార్చడం మరిస్తే జవాబు వెయ్యి రెట్లవుతుంది. క్యాలిక్యులేటర్ చూపిన 1.461 మొత్తం దించినా మార్కు పోవచ్చు; ఇక్కడ సార్థక అంకెలు (కొలతను బట్టి నమ్మదగిన అంకెలు) 0.100లో ఉన్నట్టే మూడే.

ల్యాబ్‌లో ఆ ఉప్పును ముందు కొద్ది నీటిలో కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో (మెడ మీద కచ్చితమైన ఘనపరిమాణపు గీత ఉన్న సీసా) పోసి, బీకరు కడిగిన నీళ్లూ అందులోనే కలిపి, గీత వరకు నింపాలి. ఉప్పు మీద నేరుగా 250 మి.లీ. నీళ్లు పోస్తే చివరి ఘనపరిమాణం 250 ఉండదు, గాఢత తప్పుతుంది. టైట్రేషన్‌లో, అంటే ఒక ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ మరోదాని గాఢత కనుక్కునే ప్రయోగంలో, బ్యూరెట్ (అడుగున కుళాయి ఉన్న కొలత గొట్టం) లోని ద్రవపు వంపు అడుగుభాగాన్ని కంటి ఎత్తులో చూసి, రెండు దశాంశాల వరకు రాయండి. మొనలో గాలి బుడగ మిగిలి, మధ్యలో బయటికొస్తే ఆ టైట్రేషన్ పోయినట్టే. రెండు ఫలితాలు 0.10 మి.లీ. తేడా లోపు వచ్చేదాకా మళ్లీ చేయండి.

రికార్డు పెన్నుతోనే, తప్పు పడితే ఒక్క గీత కొట్టండి, వైట్‌నర్ వద్దు. రక్షణ కళ్లద్దాలు, పాదం మొత్తం కప్పే బూట్లు లేకపోతే సాధారణంగా లోపలికే రానివ్వరు. గంట క్లాసుకు రెండు గంటల సొంత సాధన కేటాయించండి, అందులో ఎక్కువ భాగం పుస్తకం మూసి లెక్కలు చేయడానికే.