తారీఖు లేని పాత అట్లాసు వయసు పోలండ్‌ని చూసి కనిపెట్టడం ఎలా

మొన్న ఆదివారం మన వైజాగ్ జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఒక ఇంగ్లీషు అట్లాసు దొరికింది. నూట యాభై అన్నాడు, బేరమాడితే ఎనభైకి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మొదటి నాలుగు పేజీలు లేవు, ఏ ఏడాది అచ్చేశారో తెలియదు. మీకూ ఇలాంటిది తగిలితే టెన్షన్ పడకండి, తిన్నగా యూరప్ పేజీ తీసి పోలండ్ చూడండి. స్పెయినో పోర్చుగలో చూస్తే ఏమీ తేలదు, వాటి సరిహద్దులు ఎప్పటినుంచో కదల్లేదు.

ముందు చూడాల్సింది అసలు పోలండ్ ఉందా లేదా అని. 1772, 1793, 1795లో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం), ఆస్ట్రియా ఆ దేశాన్ని కోసుకుని పంచేసుకున్నాయి (రెండో విడతలో ఆస్ట్రియాకి వాటా లేదు). ఆ తర్వాత 1918 దాకా, అంటే 123 ఏళ్లు, అది స్వతంత్ర దేశంగా లేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే 1815 తర్వాతి మ్యాపుల్లో రష్యా లోపల ‘పోలండ్ రాజ్యం’ అని రాసి ఉంటుంది, కానీ దానికి రాజు రష్యా చక్రవర్తే. క్రాకోవ్ నగరం విడిగా చిన్న ముక్కలా కనిపిస్తే మాత్రం పండగే, అది 1815కీ 1846కీ మధ్యది.

1920, 30ల మ్యాపుని గుర్తుపట్టడం తేలిక. పోలండ్ నుంచి ఒక సన్నటి మెడ బాల్టిక్ సముద్రం దాకా వెళ్తుంది, దానివల్ల తూర్పు ప్రష్యా మిగతా జర్మనీకి దూరంగా విడిపోయి ఉంటుంది, పక్కన డాంజిగ్ (ఇప్పటి గ్దాన్స్క్) ఎవరికీ చెందని స్వేచ్ఛా నగరం. తూర్పున ల్వూవ్ (ఇప్పటి ల్వివ్), విల్నో (ఇప్పటి విల్నియస్) రెండూ పోలండ్‌లోనే ఉంటాయి. 1945 తర్వాత చూస్తే ఆ రెండూ బయటికి పోయి, జర్మనీ నుంచి బ్రెస్లావు (ఇప్పటి వ్రోత్స్వాఫ్), స్టెటిన్ (ఇప్పటి ష్చెచిన్) లోపలికొచ్చాయి. జనరల్ బోగీలో ‘కాస్త జరగండి’ అన్నట్టు దేశం మొత్తం పడమరకి జరిగింది, జరిగే క్రమంలో సుమారు 3,89,000 చదరపు కిలోమీటర్ల నుంచి 3,12,000కి తగ్గింది కూడా.

ఆ తర్వాత గీతలు పెద్దగా మారలేదు, అందుకని పొరుగు దేశాలు లెక్కపెట్టండి. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ, చెకోస్లొవేకియా అని మూడే ఉంటే 1990కి ముందుది. ఏడు ఉంటే 1993 లేదా ఆ తర్వాతది. మూడేళ్లలో చుట్టూ ఉన్న మూడు దేశాలూ మాయమైపోయాయి, పోలండ్ మాత్రం ఉన్నచోటే ఉంది!

ఎవరు అచ్చేశారో కూడా చూసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలా ఏళ్లపాటు పశ్చిమ జర్మనీ మ్యాపుల్లో బ్రెస్లావు ప్రాంతం జర్మనీలోనే ఉండేది, ‘ప్రస్తుతం పోలండ్ పాలనలో’ అని ఒక మాట తగిలించేవారు. అలాంటిది చూసి యుద్ధానికి ముందు 1937ది అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

ఇప్పటి మ్యాపు మీద పెట్టి చూడాలనుకుంటే ఫోన్‌తో ఫొటో తీసి ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పెట్టొచ్చు. మన ఉప్పుగాలికి కాగితం వంకర్లు తిరిగి ఉంటుంది, దాని మీద అద్దం ముక్క పెట్టి, ఎండ తగలకుండా కిటికీ పక్కన తీయండి. పాత పటాల్లో రేఖాంశం చాలాసార్లు గ్రీనిచ్ నుంచి కాకుండా ఆఫ్రికాకి పడమరనున్న ఫెర్రో దీవి నుంచి లెక్కపెట్టి ఉంటుంది, వార్సా 21 డిగ్రీల బదులు 38 దాటి కనిపిస్తే అదే కారణం. 17 డిగ్రీల 40 నిమిషాలు తీసేయండి. మన వైజాగ్ అక్షాంశం కూడా దాదాపు అంతే, గుర్తుపెట్టుకోవడం సులువు. రెండు మ్యాపుల్నీ కలిపే గుర్తులుగా పాత ఊళ్ల నడిబొడ్డు తీసుకోండి, ఒడ్డు గీతల్ని నమ్మొద్దు. విశాఖ పటమైనా అంతే, డాల్ఫిన్ నోస్ కొండని పట్టుకోవాలి గానీ 1933లో హార్బర్ తెరిచేనాటికే రూపం మారిపోయిన గట్టుని కాదు.

ఇంతకీ నా అట్లాసు సంగతి. భూతద్దం పెట్టి దక్షిణ పోలండ్ చూస్తుంటే కటోవిత్సె ఉండాల్సిన చోట ‘స్టాలినోగ్రుద్’ అని ఉంది. స్టాలిన్ పోయాక 1953 మార్చిలో పెట్టిన పేరది, 1956 డిసెంబరులో తీసేశారు. వెంటనే ఇండియా పేజీ తీశాను, ఆంధ్ర రాష్ట్రం వేరే రంగులో, హైదరాబాద్ రాష్ట్రం వేరే రంగులో! అట్ట లోపలివైపు పెన్సిల్‌తో ‘1953 అక్టోబరు తర్వాత, 1956 నవంబరు లోపు’ అని రాసుకున్నాను. కుప్పలో ఇంకో అట్లాసు కూడా ఉంది, అందులో పోలండ్‌కి పొరుగువాళ్లు ఏడుగురు, అది కొనలేదు.