ముందు ఊహ రాయించండి, ఆ తర్వాతే ప్రయోగం

సైన్సు క్లాసులో ప్రయోగం చూపించగానే పని అయిపోయిందనుకుంటాం. టీచరు చేస్తారు, పిల్లలు చూస్తారు, రికార్డులో బొమ్మ గీస్తారు, మార్కులు పడతాయి. పది రోజుల తర్వాత అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే పాత అపోహే బయటికొస్తుంది. ఏం జరుగుతుందో ముందుగా తేల్చి చెప్పమని వాళ్లను ఎవరూ అడగలేదు కదా. స్కూల్లోనైనా కాలేజీలోనైనా ఈ ఒక్క అలవాటు మారితే ఖరీదైన ల్యాబు లేకపోయినా పాఠం నిలబడుతుంది.

పద్ధతి ఇది. ప్రశ్న బోర్డు మీద రాయండి. రెండు నిమిషాల్లో ఎవరి జవాబు వాళ్లు రాయాలి, కారణం ఒక వాక్యంలో చెప్పాలి. పెన్నుతోనే రాయమనండి, పెన్సిలైతే ప్రయోగం కాగానే చెరిపేస్తారు. తర్వాత మూడు నిమిషాలు పక్కవాళ్లతో వాదించుకోనివ్వండి. చేతులెత్తించి ఏ జవాబుకు ఎన్ని ఓట్లో బోర్డు మీద వేయండి. అప్పుడు ప్రయోగం. ఫలితం చూశాక ఎందుకలా జరిగిందో ముందు పిల్లలే చెప్పాలి, మీరు చివర్లో మాట్లాడాలి. 40 నిమిషాల పీరియడులో ఊహకు 5, ప్రయోగానికి 15, వివరణకు 15 పోతే ఇంకో అయిదు నిమిషాలు సర్దుకోవడానికి మిగులుతాయి.

ఇది చెడిపోయేది రెండు చోట్ల. మొదటి బెంచీ పిల్లాడు జవాబు పైకి చెప్పేస్తే మిగతావాళ్లంతా అదే రాస్తారు, అందుకే రాత ముందు, మాట తర్వాత. ఇక ఊహకు మార్కులు వేశారంటే ఎవరూ తమకు నిజంగా అనిపించింది రాయరు, టీచరుకు నచ్చేది రాస్తారు. ఊహ తప్పినా మార్కు పోదని మొదటి రోజే చెప్పండి, ఆ మాట తప్పకండి.

ప్రశ్న ఎంపిక మీదే సగం ఫలితం ఉంటుంది. ఓట్లు చీలే ప్రశ్న కావాలి. హైదరాబాదులో ఉన్నవాళ్లకు అన్నిటికన్నా మంచి ప్రశ్న నెత్తి మీదే ఉంది.

మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది?

"జూన్ 21న మధ్యాహ్నం మన గ్రౌండులో నిలబెట్టిన కర్ర నీడ ఎటు పడుతుంది?" అని అడగండి. ఎక్కువమంది నీడే ఉండదంటారు, కొందరు ఉత్తరమంటారు. సరైన జవాబు దక్షిణం. హైదరాబాదు దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మన నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మనకు ఉత్తరంగా ఉంటాడు కాబట్టి మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరుగుతుంది.

కర్ర నాటి నీడ కొన కొలవమని పుస్తకాల్లో ఉంటుంది. చేసి చూస్తే కొన ఎక్కడో తేలదు. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉండటంతో మీటరు కర్ర నీడ కొన దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. దానికి బదులు చిల్లు అట్ట వాడండి. 15 సెంటీమీటర్ల చదరపు అట్ట మధ్యలో 3 మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, ఎత్తయిన బల్ల ఉత్తరపు అంచుకు అది బయటికి పొడుచుకు వచ్చేలా టేపుతో సమతలంగా అంటించండి. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టి చిల్లు నేలకు సరిగ్గా మీటరు ఎత్తులో ఉండేలా చూడండి. చిల్లులోంచి నట్టు కట్టిన దారం వేలాడదీసి, అది నేలను తాకేచోట గుర్తు పెట్టండి. కింద తెల్ల చార్టు పరిస్తే అట్ట నీడ మధ్యలో సెంటీమీటరుకు కాస్త మించిన గుండ్రటి వెలుగుచుక్క కనిపిస్తుంది. దాని నడిమధ్యను గుర్తించడం ఆరో తరగతి పిల్లలకూ చేతనవుతుంది. సూర్యుడి వైపు చూడకూడదని మాత్రం గట్టిగా చెప్పండి, చూపు ఎప్పుడూ చార్టు మీదే ఉండాలి.

11:30 నుంచి 1 గంట దాకా అయిదేసి నిమిషాలకు చుక్కలు పెట్టి పక్కనే టైము రాయించండి. చుక్క దారం గుర్తుకు అతి దగ్గరగా వచ్చే వేళే స్థానిక మధ్యాహ్నం. అది 12 గంటలకు కాదని చూసి పిల్లలు గడియారాన్ని అనుమానిస్తారు, అనుమానించనివ్వండి. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అంటే కాకినాడ దగ్గరి రేఖది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సగటున 12:16కు మనకు మధ్యాహ్నం. భూమి కక్ష్య గుండ్రంగా లేకపోవడం, అక్షం వాలి ఉండటం వల్ల ఈ వేళ ఏడాదిలో నవంబరు మొదట్లో సుమారు 12:00 నుంచి ఫిబ్రవరి నడిమికి 12:30 దాకా జరుగుతుంది. కచ్చితమైన వేళ కావాలంటే అతి దగ్గరి చుక్క కోసం వెతకొద్దు, చలికాలంలో అక్కడ దూరం చాలా మెల్లగా మారుతుంది. గుర్తుకు రెండు పక్కలా సమాన దూరంలో ఉన్న చుక్కల టైములు తీసుకుని సగటు కట్టించండి.

మీటరు ఎత్తుకు రావలసిన దూరాలు దగ్గర పెట్టుకోండి: జూన్ 21న దక్షిణంగా 10.6 సెంటీమీటర్లు, సెప్టెంబరు 23న ఉత్తరంగా 31, డిసెంబరు 22న ఉత్తరంగా 86. మీ కొలత రెండు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే నేల వాలుగా ఉందో, దారం గాలికి ఊగిందో చూడండి. దాదాపు ఎప్పుడూ ఆ రెండిట్లో ఒకటే కారణం.

మే 9 వేసవి సెలవుల్లో పోతుంది. ఆగస్టు 3 వానల్లో పడుతుంది. కానీ ఆ రోజుల్లో మధ్యాహ్నపు చుక్క రోజుకు అర సెంటీమీటరు లోపే జరుగుతుంది కాబట్టి జులై 31 నుంచి ఆగస్టు 6 దాకా ఏ రోజు మబ్బు విడిచినా పనికొస్తుంది. స్థానిక మధ్యాహ్నం అప్పుడు 12:22 ప్రాంతం. పావుగంట ముందే పిల్లల్ని గ్రౌండులో ఉంచండి.

ఇంటరు, డిగ్రీ వాళ్లకు ఇదే పనిముట్టుతో భూమి చుట్టుకొలత కట్టించవచ్చు. ఆదిలాబాదు దాదాపు మన రేఖాంశం మీదే, 2.3 డిగ్రీలు ఉత్తరాన ఉంది. అక్కడి కాలేజీతో మాట్లాడుకుని ఒకే రోజు ఇద్దరూ కొలవండి. సెప్టెంబరు 23న అక్కడ 35.7 సెంటీమీటర్లు రావాలి, ఇక్కడ 31.3. ఒక్కో ఊరి చుక్క దూరాన్ని చిల్లు ఎత్తుతో భాగిస్తే కోణపు ట్యాన్ వస్తుంది, దాన్నుంచి కోణం కట్టాలి. రెండు కోణాల తేడాతో 360ని భాగించి, రెండు ఊళ్ల మధ్య దూరంతో గుణిస్తే చుట్టుకొలత. రోడ్డు దూరం వేస్తే లెక్క పెరిగిపోతుంది, మ్యాపు మీద తిన్నగా కొలిచిన దూరమే, అంటే సుమారు 254 కిలోమీటర్లే వేయాలి. ఒక కొలతలో 5 మిల్లీమీటర్లు తప్పినా జవాబు పదిశాతం పైన మారుతుందని కూడా వాళ్ల చేతనే లెక్క కట్టించండి. దోషాల పాఠం విడిగా చెప్పక్కర్లేదు.

ఎర్రనీళ్లలో నిమ్మరసం

హారతికి, దిష్టికి కలిపే ఎర్రనీళ్లు ప్రతి ఇంట్లో తెలిసినవే. 200 మిల్లీలీటర్ల నీళ్లలో పావు చెంచా పసుపు కలిపి, పాన్ డబ్బాలో దొరికే సున్నం శనగగింజంత వేసి తిప్పండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, అది టీచరే వేయాలి. ఇప్పుడు ప్రశ్న: నిమ్మరసం పిండితే ఏమవుతుంది? మళ్లీ సున్నం వేస్తే? ఓట్లయ్యాక డ్రాపరుతో చుక్క చుక్కగా నిమ్మరసం వేసి లెక్కపెట్టించండి. పసుపు తిరిగొచ్చేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకుంటే, చుక్కలు కొలిచి ఆమ్లం, క్షారం ఎంతుందో తేల్చే టైట్రేషనుకు అదే పునాది, అది ఇంటరులో వస్తుంది. నీళ్లు అప్పటికప్పుడు కలపండి, నిలవ ఉంచితే రంగు చెడుతుంది.

తర్వాత పంచదార నీళ్లు, మజ్జిగ, సబ్బు నీళ్లు, చాకలి సోడా నీళ్లు ఇచ్చి పసుపు కాగితంతో పరీక్షించమనండి. కాగితానికి పసుపును నీళ్లలో కాకుండా స్పిరిట్‌లో కలపాలి, రంగునిచ్చే పదార్థం నీళ్లలో సరిగా కరగదు. అర చెంచా పసుపుకు 50 మిల్లీలీటర్ల స్పిరిట్ చాలు, ఆ దగ్గర్లో మంట ఉండకూడదు. పూసిన కాగితాలు నీడలో ఆరబెట్టండి. పంచదార నీళ్లకూ మజ్జిగకూ కాగితం ఒకేలా పసుపుగా ఉండటం చూసి "రెండూ ఆమ్లాలే" అని సగం క్లాసు రాస్తుంది. అప్పుడే దిద్దకండి. వేడినీళ్లలో నానబెట్టిన మందార రేకుల రసం ఇచ్చి మళ్లీ చేయించండి. ఆమ్లంలో అది ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. పసుపుకు ఆమ్లానికీ తటస్థానికీ తేడా తెలియదని వాళ్లే కనిపెడతారు. తెలిసిన ద్రవంతో పోల్చకుండా నిర్ధారణకు రాకూడదన్న సంగతి ఇక్కడ చేతికి అందుతుంది. కలపడానికి బోరు నీళ్లు వాడకండి. అందులో కరిగిన లవణాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

గట్టిగా కొడితే చప్పుడు త్వరగా చేరుతుందా?

కాలేజీ విద్యార్థుల్లో కూడా చాలామంది అవునంటారు, నిజానికి వేగం మారదు. రెండు ఫోన్లలో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసి, అందులోని ధ్వని స్టాప్‌వాచ్ తెరవండి. ఫోన్లు సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టి, ఒక్కో ఫోను పక్కన ఒకరు నిలబడాలి. మొదటివాళ్లు చప్పట్లు కొడితే రెండు ఫోన్లూ మొదలవుతాయి, రెండోవాళ్లు కొడితే ఆగుతాయి. రెండు టైముల తేడాలో ధ్వని 10 మీటర్లు నడిచినట్టు లెక్క. 30 డిగ్రీల గాలిలో వేగం సెకనుకు 349 మీటర్లు కాబట్టి తేడా సుమారు 0.029 సెకను రావాలి. మెల్లగా, గట్టిగా పదేసిసార్లు కొట్టించి సగటు తీయండి.

గదిలో చేస్తే ప్రతిధ్వనికే ఫోను ఆగిపోతుంది, గ్రౌండులో చేయండి. యాప్‌లో చప్పుడు స్థాయి తక్కువగా పెడితే ట్రాఫిక్ హోరుకే మొదలవుతుంది, ఎక్కువగా పెడితే దూరపు చప్పట్లు అందవు. మొదటి పది నిమిషాలు ఆ సర్దుబాటుకే పోతాయని ముందే అనుకోండి. ఆ తర్వాత గోల్కొండకు తీసుకెళ్లగలిగితే కోట ప్రవేశద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు కొండ పైన బాలా హిసారు మండపంలో ఎంత ఆలస్యంగా వినిపించాలో మ్యాపు చూసి ముందే లెక్కగట్టించి, వెళ్లాక కొలిపించండి.

ఊహ కాగితాలు మాత్రం పారేయకండి. క్లాసువారీగా కట్టకట్టి ఉంచి, యూనిట్ పరీక్షకు ముందు ఎవరిది వాళ్లకు ఇచ్చి, దాని కిందే కొత్త జవాబు రాయించండి. మార్కులు వేయాల్సింది ఆ రెండో జవాబుకు, అందులోనూ కారణానికి.