చొక్కాలు, గుడ్డసంచులపై స్క్రీన్ ప్రింటింగ్: చెడిన అచ్చు నుంచి అసలు కారణం దాకా

చొక్కా మీదో గుడ్డసంచి మీదో వేసిన అచ్చు చెడగానే చాలామంది ముందుగా తప్పుపట్టేది రంగునే. డబ్బా మారుస్తారు, పలుచన చేస్తారు, మళ్లీ చిక్కన చేస్తారు. అయితే చేతితో వేసే అచ్చుల్లో కనిపించే లోపాలలో ఎక్కువ భాగం రంగు స్క్రీన్ మీద పడకముందే, అంటే స్క్రీన్ వల మీద పూసే, వెలుగు తగిలితే గట్టిపడే ఎమల్షన్‌ను ఆరబెట్టేటప్పుడో వెలుగు చూపించేటప్పుడో బట్టను ఎంచుకునేటప్పుడో పుట్టి ఉంటాయి. మిగిలిన వాటిలో అధికం అచ్చు పూర్తయ్యాక వేడి పట్టించే దశలో పుడతాయి. అందుకే ఇక్కడ ప్రతి లోపాన్నీ కంటికి కనిపించే లక్షణం నుంచి వెనక్కి వెతుకుతాము. ఈ వెతుకులాటలో ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలి. స్క్రీన్ ఫ్రేముకు బిగించిన వల గుడ్డ అయిన మెష్‌నూ రంగు చిక్కదనాన్నీ కలిపి మారిస్తే అచ్చు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

లక్షణం: కడిగేటప్పుడు బొమ్మ విచ్చుకోదు, లేదా ఎమల్షన్ మొత్తం జారిపోతుంది

వెలుగు చూపించిన స్క్రీన్‌ను నీటితో కడిగినప్పుడు బొమ్మ ఉన్న చోట ఎమల్షన్ కరిగిపోవాలి, మిగిలిన చోట గట్టిగా నిలవాలి. ఎంత కడిగినా బొమ్మ విచ్చుకోకపోతే వెలుగు అక్కడికి కూడా చేరిందని అర్థం. వెలుగు చూపించిన సమయం మరీ ఎక్కువై ఉండవచ్చు, ఎమల్షన్ పూసిన స్క్రీన్ ముందే గది వెలుతురులో పడి ఉండవచ్చు, లేదా బొమ్మను నల్లగా అచ్చు తీసిన ఫిల్మ్ మీది నలుపు చాలినంత దట్టంగా లేకపోవచ్చు. ఫిల్మ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకున్నప్పుడు నల్లని భాగంలోంచి వెలుతురు కనిపించకూడదు. లేజర్ ప్రింటర్‌తో ట్రేసింగ్ పేపర్ మీద తీసిన ఇలాంటి ప్రతులలో ఈ లోపం తరచుగా ఉంటుంది. రెండు ప్రతులను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చి అతికిస్తే నలుపు చాలుతుంది. సన్నని గీతలు మాత్రమే విచ్చుకోకపోతే ఫిల్మ్‌కూ ఎమల్షన్‌కూ మధ్య సందు ఉందని అనుమానించాలి. ఆ సందులోంచి వెలుగు పక్కలకు దూరుతుంది కనుక, ఫిల్మ్ మీద అచ్చు ఉన్న ముఖం ఎమల్షన్‌ను తాకేలా ఉంచి పైన బరువైన గాజు పలక పెట్టాలి.

దీనికి విరుద్ధంగా బొమ్మ అంచులు అరిగిపోయి ఎమల్షన్ జిగటగా జారుతుంటే వెలుగు చాలలేదు. కడిగేటప్పుడు స్క్వీజీ (రంగును మెష్ గుండా నొక్కుతూ లాగే రబ్బరు పట్టీ) నడిచే లోపలి ముఖాన్ని వేలితో తాకి చూడాలి. అక్కడ జారుడుగా ఉంటే, వెలుగు బయటి పొరను గట్టిపరచిందే తప్ప లోపలిదాకా చేరలేదు.

ఇదే లక్షణం తేమ వల్ల కూడా వస్తుంది, దీన్ని గుర్తించడమే కష్టం. లోపల తడి మిగిలిన ఎమల్షన్ ఎంత వెలుగు చూపించినా పూర్తిగా గట్టిపడదు. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో వానాకాలంలో రాత్రంతా ఫ్యాను కింద ఆరిన స్క్రీన్ తాకితే పొడిగా అనిపించినా లోపల తడిగానే ఉండవచ్చు, ఎందుకంటే ఫ్యాను గాలిని కదుపుతుంది గాని గాలిలోని తేమను తీసివేయదు. వేసవిలో చక్కగా పనిచేసిన వెలుగు సమయం జూలైలో హఠాత్తుగా పనిచేయకపోతే ముందుగా తేమనే చూడాలి. వెలుతురు చొరబడని చిన్న అలమరలో స్క్రీన్‌ను అచ్చు ముఖం కిందికి ఉండేలా అడ్డంగా పెట్టి, తేమను లాగే యంత్రంతోనో 40 డిగ్రీల సెల్సియస్ దాటని వెచ్చదనంతోనో ఆరబెట్టాలి. తేమను కొలిచే చిన్న మీటరును లోపల ఉంచి, అది 50 శాతానికి దిగువకు వచ్చేదాకా ఆగాలి. కొత్త ఎమల్షన్ డబ్బాకు పెట్టే డబ్బుతో ముందు ఆ మీటరు కొనడం మంచిదని నా అభిప్రాయం.

సరైన సమయాన్ని ఊహతో కాక పరీక్షతో తేల్చుకోవాలి. ఒకే స్క్రీన్ మీద నల్ల అట్టను నిర్ణీత వ్యవధికి ఒకసారి కొద్దికొద్దిగా జరుపుతూ పోతే, తక్కువ నుంచి ఎక్కువ దాకా వెలుగు తగిలిన పట్టీలు ఏర్పడతాయి. డయాజో అనే, వెలుగుకు స్పందించే రసాయనం కలిసిన ఎమల్షన్‌లో వెలుగు తగిలేకొద్దీ పసుపుదనం తగ్గుతుంది కాబట్టి, కడిగి ఆరబెట్టాక ఏ పట్టీ నుంచి రంగు ఇక మారలేదో అదే సరైన సమయం. డయాజో లేని ఫోటోపాలిమర్ ఎమల్షన్‌లో ఈ రంగు మార్పు కనిపించదు. అక్కడ లోపలి ముఖపు జారుడుతనాన్నీ సన్నని గీతల స్పష్టతనూ చూసి నిర్ణయించాలి.

పీవీఏ జిగురులో బైక్రోమేట్ అనే క్రోమియం రసాయనం కలిపి ఎమల్షన్‌ను సొంతంగా తయారుచేసుకునే పాత పద్ధతి గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం, చర్మాన్ని పుండ్లు పడేలా చేస్తుంది, కడిగిన నీటితోపాటు కాలువలోకి పోతుంది. చవకదనం తప్ప దానిలో ఈనాడు చెప్పుకోదగిన మేలు లేదు.

లక్షణం: బొమ్మ లేని చోట సన్నని రంగు చుక్కలు

మెష్ మీద జిడ్డు, గాజు మీద దుమ్ము, చాలని వెలుగు, ఈ మూడింటిలో ఒకటి కారణం. అప్పటికప్పుడు వెనుకవైపు టేపు అతికించి పని పూర్తిచేయవచ్చు. ఎక్కువ అచ్చులు వేయాలంటే ఆ రంధ్రాలను ఎమల్షన్‌తో పూడ్చి, ఆరబెట్టి, మళ్లీ వెలుగు చూపించాలి. తర్వాతి స్క్రీన్‌కు ఎమల్షన్ పూసే ముందు మెష్‌ను సబ్బుతో బాగా రుద్ది కడగాలి.

లక్షణం: అంచులు పాకుతాయి, అక్షరాల గూళ్లు పూడుకుపోతాయి

రంగు పలుచబడటం, స్క్వీజీ అంచు మొద్దుబారడం, ఒకే చోట మూడు నాలుగు సార్లు లాగడం, మెష్ మరీ ముతకగా ఉండటం దీనికి సాధారణ కారణాలు. వీటికంటే ఎక్కువగా కనిపించేది, అంతగా ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది: స్క్రీన్ బట్టకు పూర్తిగా ఆనుకుని ఉండటం. స్క్వీజీ దాటిపోగానే మెష్ బట్టను విడిచి పైకి లేవాలి, లేకుంటే రంగు కిందికి ఊరుతూనే ఉంటుంది. ఫ్రేము మూలల కింద అట్టముక్కలు పెట్టి 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఇస్తే చాలా అచ్చులు అక్కడికక్కడే బాగుపడతాయి.

తెలుగు అక్షరాలతో చొక్కాలు వేసేవారికి ఈ లోపం మరింత ఇబ్బంది కలిగిస్తుంది. మన లిపిలో గుండ్రని గూళ్లు ఎక్కువ, ఒత్తులు అక్షరం కంటే చాలా చిన్నవి. తెరపై అందంగా కనిపించిన లావుపాటి ఫాంటులో ‘స్త్రీ’ అన్న మాట బట్ట మీదికి వచ్చేసరికి కింది ఒత్తులు ముద్దగా మారుతాయి. మరీ సన్నని ఫాంటులోనైతే ‘ధ’ కింది చిన్న గీత పడక అది ‘ద’గా మిగిలిపోతుంది. కనుక డిజైన్ దశలోనే గూళ్లను కొద్దిగా తెరిచి, ఒత్తులను పెంచి, ఏ గీతా ఏ సందూ అర మిల్లీమీటరు కంటే సన్నగా లేకుండా చూసుకోవాలి. ఇటువంటి అక్షరాలకు సెంటీమీటరుకు 43 దారాలుండే మెష్ కంటే 77 దారాల మెష్ అనుకూలం. అంగుళాల లెక్కలో ఇవి సుమారుగా 110, 195 దారాలు. ఫిల్మ్ తీయడానికి ముందు డిజైన్‌ను అసలు కొలతలో కాగితం మీద ప్రింట్ చేసి చేయిచాచినంత దూరం నుంచి చదివితే సగం చిక్కులు అప్పుడే బయటపడతాయి.

లక్షణం: నాలుగైదు అచ్చుల తర్వాత రంగు దిగదు

నీటి ఆధారిత రంగు మెష్ కన్నాలలోనే ఆరిపోతున్నది. అనంతపురం, కర్నూలు వంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలే. స్క్వీజీ లాగిన ప్రతిసారీ, తర్వాతి బట్ట పరిచేలోపు బొమ్మ మీద రంగును ఒత్తకుండా పలుచని పొరగా పరిచి ఉంచితే కన్నాలు గాలికి ఆరవు. ఫ్యాను గాలి నేరుగా స్క్రీన్ మీద పడనీయకూడదు, పనిని ఉదయం పూటకు జరుపుకోవాలి, రంగు తయారీదారు సూచించిన మేరకు ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రావకాన్ని కలపాలి. ఊరికే నీళ్లు పోస్తే రంగును బట్టకు అంటించే బైండర్ పలుచబడి, ఈ లోపం పోయి అంచులు పాకే లోపం వస్తుంది. ఇప్పటికే పూడిన స్క్రీన్‌ను తడి స్పాంజితో రెండు వైపుల నుంచి తుడిచి, పాత దినపత్రిక మీద రెండు మూడు అచ్చులు వేశాక తిరిగి బట్ట మీదికి వెళ్లవచ్చు.

లక్షణం: నల్ల బట్ట మీద తెలుపు బూడిదగా కనిపిస్తుంది

మామూలు నీటి ఆధారిత రంగు పారదర్శకం. లేత బట్టలకు అది బాగుంటుంది, ముదురు బట్టలో మునిగిపోతుంది. బట్టల అద్దకంలో ఖాదీ అని పిలిచే దట్టమైన తెలుపునో ప్లాస్టిసాల్ (వేడికి మాత్రమే గట్టిపడే ప్లాస్టిక్ రంగు) తెలుపునో వాడి, 43 దారాల మెష్‌తో ఒక పొర వేసి, తాకితే అంటనంత వరకు వేడిచేసి, రెండో పొర వేయాలి. మొదటి పొరను పూర్తిగా ఉడికించకూడదు, అలా చేస్తే రెండోది దానికి పట్టదు.

తెల్లని అచ్చు వేసిన రోజు బాగానే ఉండి, కొన్నాళ్లకు ఎర్ర చొక్కా మీద గులాబీ రంగుకు తిరిగితే అది వేరే జబ్బు. ఆ చొక్కాలో పాలిస్టర్ ఉన్నది, దాని అద్దకపు రంగు వేడికి ఆవిరై తెల్లని పొరలోకి చొచ్చుకువస్తున్నది. అచ్చు వేశాక దీనికి మందు లేదు. నూలు అని చెప్పి అమ్మిన బట్ట నుంచి రెండు దారాలు లాగి జాగ్రత్తగా కాల్చి చూడాలి: నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసగా ముడుచుకుంటుంది. పాలిస్టర్ కలిసిన బట్టకు, ఆ రంగును అడ్డుకునే అడుగు పొరనూ తక్కువ వేడికే పట్టే రంగునూ ఎంచుకోవాలి.

లక్షణం: ఉతికితే అచ్చు పోతుంది, పగులుతుంది

కొనుగోలుదారు తిరిగి తెచ్చేది ఎక్కువగా ఈ లోపంతోనే. కారణం దాదాపు ఎప్పుడూ చాలని వేడే. ప్లాస్టిసాల్ పొర మొత్తం, అంటే పై ముఖం మాత్రమే కాక బట్టను అంటుకున్న అడుగు కూడా, సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. నీటి ఆధారిత పిగ్మెంట్ రంగుల్లో ముందు నీరంతా ఆవిరైపోవాలి, ఆ తర్వాతే బైండర్ గట్టిపడటం మొదలవుతుంది. వీటికి 150 డిగ్రీల వద్ద 3 నుంచి 5 నిమిషాలు అన్నది సాధారణంగా పాటించే లెక్క, అయినా డబ్బా మీద రాసినదే ప్రమాణం. తడి అచ్చును వెంటనే హీట్ ప్రెస్ కింద పెడితే కేటాయించిన సమయంలో ఎక్కువ భాగం నీటిని మరిగించడానికే సరిపోతుంది.

ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో పని చేసేవారు ఆవిరిని ఆపి, అచ్చును పూర్తిగా ఆరనిచ్చి, మధ్యలో పలుచని నూలు గుడ్డ వేసి, ఒక్కో భాగాన్ని విడివిడిగా వేడిచేసి, తర్వాత బట్టను తిరగేసి వెనుక నుంచి కూడా అలాగే చేయాలి. ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఏ భాగమూ చాలినంత సేపు వేడిగా ఉండదు. చొక్కాకు సరిపోయిన సమయం దళసరి కాన్వాస్ సంచికీ జనపనార సంచికీ సరిపోదు, ఆ బట్టే వేడిలో పెద్ద భాగాన్ని పీల్చుకుంటుంది. దూరం నుంచి వేడిని కొలిచే మీటరు పై ముఖాన్నే చూస్తుంది కనుక దాని అంకెను పూర్తిగా నమ్మకూడదు. ప్లాస్టిసాల్ అచ్చును మెల్లగా సాగదీసినప్పుడు పగుళ్లు వస్తే వేడి చాలలేదు. నీటి ఆధారిత అచ్చును తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి, ఆ తర్వాత ఒక నమూనాను వేడి సబ్బు నీటిలో పలుమార్లు ఉతికి చూడాలి. ఈ పరీక్ష ముగియకుండా యాభై చొక్కాల ఆర్డరును అప్పగించడం సాహసమే.

వేడి సరిపోయినా అచ్చు పొరలుగా ఊడితే బట్టను చూడాలి. కొత్త కోరా బట్టలో గంజి ఉంటుంది, కొన్ని సంచులకు నీరు అంటకుండా పూత ఉంటుంది. ఒక నీటి చుక్క వేసినప్పుడు అది ఇంకకుండా పూసలా నిలిస్తే రంగు కూడా దారంలోకి దిగదు. గంజి బట్టను వేడి సబ్బు నీటిలో ఉతికి, మెత్తదనం ఇచ్చే ద్రవాలేవీ వాడకుండా ఆరబెట్టాలి; ఇలా చేస్తే అచ్చు వేశాక బట్ట కుంచించుకుపోయి బొమ్మ వంకరపోయే బాధ కూడా తగ్గుతుంది. పూత ఉన్న నైలాన్ సంచులకు ఆ బట్ట కోసమే చేసిన రంగును కొనడం తప్ప దారి లేదు.

లక్షణం: రెండో రంగు మొదటిదానితో కుదరదు, సంచి మీద అచ్చు మధ్యలో తెగుతుంది

బట్ట బల్ల మీద జరగడం, మెష్ వదులవడం, నీళ్లకు చెక్క ఫ్రేము మెలితిరగడం మొదట చూడవలసినవి. బట్టను బల్లకు పూసే జిగురైన టేబుల్ గమ్‌తో అతికించి, ఫ్రేమును కబ్జాలతో బల్లకు బిగించాలి. వదులైన మెష్‌ను మళ్లీ లాగి కట్టాలి, దానికి మరో ఉపాయం లేదు. డిజైన్‌లో ముదురు రంగు లేత రంగు మీదికి అర మిల్లీమీటరు ఎక్కేలా చేస్తే చిన్న తేడాలు కనిపించవు.

కుట్టిన సంచిలో అచ్చు తెగడానికి కారణం రంగు కాదు, కింద ఉన్న కుట్టు, జేబు, పట్టీ మడత. అవి మెష్‌ను ఎత్తిపట్టడంతో చుట్టూ రంగు దిగదు. సంచి లోపల కుట్ల కంటే ఇరుకైన పలకను దూర్చి, కుట్లు దాని అంచుల కిందికి జారేలా పరచాలి. సంచులను సొంతంగా కుట్టించుకునేవారైతే కత్తిరించిన ముక్కల మీదే అచ్చు వేసి, వేడి పట్టించి, ఆ తర్వాతే దర్జీకి ఇవ్వాలి. కుట్టుకు పోయే భాగాన్ని ముందే గీత గీసి వదలాలి.