ఇంట్లో జుట్టు రంగులు కలపడం – నాలుగవ పాఠం: మసక ఊదా

గత పాఠంలో పావురాయి నీలం కలిపే పద్ధతి చెప్పుకున్నాము. దాన్ని అనుసరించినవారిలో పలువురి జుట్టు నీలానికి బదులు నాచు రంగుకు తిరిగిందని తెలిసింది కనుక, మసక ఊదా జోలికి వెళ్లేముందు ఆ సంగతి తేల్చుకోవాలి. మీరు గిన్నెలో కలిపినవి రెండు రంగులే అయినా, తలకు పట్టించేసరికి వాటికి మూడవది తోడవుతుంది. అది బ్లీచ్ తరువాత జుట్టులో మిగిలిన పసుపు. మనం వాడే సెమీ పర్మనెంట్ రంగు, అంటే తలస్నానాలతో క్రమంగా వెలిసిపోయే రంగు, జుట్టులో ఉన్న రంగును తీసివేయదు, దానిమీద పలుచగా పరుచుకుంటుంది. కింద పసుపు, పైన నీలం ఉన్నప్పుడు కంటికి కనిపించేది ఆకుపచ్చదనమే.

జుట్టు లేతదనాన్ని 1 నుంచి 10 వరకు లెవెళ్లుగా లెక్కిస్తారు. 1 నలుపు, 10 అన్నిటికన్నా లేత రంగు. బ్లీచ్ చేస్తూ పోతే 7వ లెవెల్ దగ్గర నారింజ, 8 దగ్గర నారింజ కలిసిన పసుపు, 9 దగ్గర పసుపు బయటపడతాయి. 10కి చేరిన జుట్టు అరటిపండు తొక్క లోపలి వైపులా ఉంటుంది. పావురాయి నీలానికి ఈ చివరి మెట్టే కావాలి. 8 దగ్గరే ఆగిన జుట్టు మీద ఎంత మంచి నీలం వేసినా పచ్చబడక మానదు. అలాగని మళ్లీ బ్లీచ్ చేయవద్దు. పచ్చదనానికి విరుగుడు ఎరుపు కాబట్టి, తెల్లని కండిషనర్‌లో కాస్తంత గులాబీ రంగు కలిపి, లోపలివైపు ఒక పాయకు పట్టించి, పది నిమిషాలకు కడిగి చూడండి. పచ్చదనం విరిగి బూడిద ఛాయకు దిగితే మిగతా తలకు పట్టించవచ్చు, గోధుమ రంగు తొంగిచూస్తే గులాబీ ఎక్కువైందని అర్థం.

ఇక మసక ఊదా. పసుపుకు విరుగుడు ఊదాయే కనుక, 9వ లెవెల్ జుట్టులోని పసుపు ఈసారి మనకు అడ్డు రాకపోగా ఊదాలోని మెరుపును తానే కొంత చంపి సగం పని చేసిపెడుతుంది. నలభై గ్రాముల తెల్లని కండిషనర్‌లో మూడు గ్రాముల ఊదా, ఒక గ్రాము గులాబీ కలపండి. కంపెనీని బట్టి రంగుల గాఢత మారుతుంది కాబట్టి ఇది ఆరంభపు కొలత మాత్రమే. చెంచాలతో కొలిచిన మిశ్రమాన్ని రెండోసారి అలాగే తయారు చేయడం కుదరదు, అందుకే నేను గ్రాము త్రాసు లేకుండా గిన్నె ముట్టను. ఎప్పుడూ లేత రంగులోకే ముదురు రంగును వేయాలి. ముదురుదాన్ని లేతపరచబోతే కండిషనర్ డబ్బా ఖాళీ అవుతుంది తప్ప రంగు దారికి రాదు. గులాబీ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడితే, పుల్ల కొసన అంటినంత ఆకుపచ్చ వేసి బాగా కలపండి. చేతి తొడుగులు, పాత తువ్వాలు, 48 గంటల ముందు చేయవలసిన ప్యాచ్ టెస్ట్ (రంగు చర్మానికి పడుతుందో లేదో కొద్దిగా రాసి చూసుకోవడం) గురించి మళ్లీ చెప్పనక్కరలేదు.

చెప్పవలసింది నల్లరంగు గురించి. రంగును మసకబరచాలనగానే నల్లరంగు చుక్క వేసే అలవాటు ఎందరికో ఉంది, ఎంత చెప్పినా అది పోవడం లేదు. మసకదనమంటే రంగులోని మెరుపు తగ్గడం, నలుపు వేస్తే వచ్చేది ముదురుదనం. గులాబీలో నలుపు వేస్తే మసక గులాబీ రాదు, మురికి పట్టిన ముదురు గులాబీ వస్తుంది. పైగా సెమీ పర్మనెంట్ నలుపులో సాధారణంగా ముదురు నీలమో ఊదాయో పాలు ఎక్కువగా ఉంటుంది. కండిషనర్‌లో పలుచన చేయగానే ఆ నీలం బయటపడి, కింది పసుపుతో కలిసి మళ్లీ పచ్చబడుతుంది. నలుపులోని రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు కనుక, మొదటి రోజు బాగున్నదే తలస్నానాలు పడేకొద్దీ మరకలు మరకలుగా తేలుతుంది. ఏ రంగును మసకబరచాలన్నా దాని ఎదురు రంగే వాడాలి: గులాబీకి ఆకుపచ్చ, నారింజకు నీలం, నీలానికి నారింజ, నీలిపచ్చకు ఎరుపు నారింజ, ఊదాకు పసుపు. ఊదాకు కావలసిన పసుపు జుట్టులోనే ఉంది కాబట్టి దాన్ని గిన్నెలో వేయవలసిన పని లేదు. వెండి ఛాయ కోసమైనా నలుపు వేయవచ్చా అంటే, వేయవద్దు. నాకు వెండి రంగు మీద మోజు లేదు గానీ, దానికీ లేత ఊదాయే దారి.

గిన్నెలో కనిపించే రంగును చూసి నిర్ణయానికి రాకండి. తెల్ల కాగితం మీద పలుచగా రాసి చూస్తే కొంత తెలుస్తుంది, పాయ మీద వేసి కడిగి పూర్తిగా ఆరబెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది, ఎందుకంటే తడి జుట్టు ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. గది దీపాల వెలుగును నమ్మకుండా పగటి వెలుగులో కిటికీ దగ్గర చూడండి.

అభ్యాసం కాస్త శ్రమతో కూడినదే. మీ బ్లీచ్ చేసిన జుట్టులోంచే, పైకి కనబడని చోట, సన్నని పాయలు ఆరు కత్తిరించి మొదళ్ల దగ్గర దారంతో కట్టండి. మొదటిదానికి పై మిశ్రమం ఉన్నదున్నట్టు, రెండవదానికి గులాబీ లేకుండా, మూడవదానికి ఆకుపచ్చ చేర్చి, నాలుగవదానికి ఆ ఆకుపచ్చను రెట్టింపు చేసి, అయిదవదానికి కండిషనర్‌ను రెట్టింపు చేసి పట్టించండి. నల్లరంగు మోజు తీరనివారు ఆరవదాన్ని దానికి కేటాయించుకోవచ్చు. అన్నిటినీ అరగంట ఉంచి కడిగి ఆరబెట్టాక, ఒక్కొక్కదానికీ కొలతలు రాసిన చీటీ కట్టి, మామూలు షాంపూతో అయిదుసార్లు కడుగుతూ ప్రతిసారీ రంగు ఎటు జరుగుతోందో రాసుకోండి. తలకు వేసుకోవలసింది అయిదవ కడుగు తరువాత కూడా మీకు నచ్చిన మిశ్రమాన్నే. ఈ చీటీలు పారవేయకండి. వెలిసిన రంగును మళ్లీ సరిదిద్దే తరువాతి పాఠం వాటిలోని కొలతలతోనే మొదలవుతుంది.