డౌన్‌లోడ్ చేసిన ఫైలు తెరిచే ముందు చూడాల్సినవి

డబుల్ క్లిక్ చేయకముందే ఫైలు పూర్తి పేరు చూడండి. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్‌ని (పేరు చివర ఫైలు రకం చెప్పే భాగాన్ని) దాచేస్తుంది కాబట్టి చివర డాట్ ఈఎక్స్‌ఈ ఉన్న ప్రోగ్రామ్ కూడా పీడీఎఫ్‌లా కనబడుతుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూలో షో కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి టిక్ పెట్టండి. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి దాన్ని పక్కనే రాశారంటే అనుమానించాలి, తాళం వేసిన జిప్ లోపలికి యాంటీవైరస్ చూడలేదు. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని కూడా రాసుంటే ఇక పరీక్షలెందుకు, తీసి పారేయండి.

తర్వాత సంతకం, అంటే ఫైలు ఎవరు విడుదల చేశారో చెప్పే డిజిటల్ ముద్ర. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. ట్యాబే లేకపోతే సంతకం లేనట్టే. చిన్న ఓపెన్ సోర్స్ టూల్స్‌కి అది మామూలే గానీ, పెద్ద కంపెనీ ఇన్‌స్టాలర్‌కి లేకపోయినా, ఇంకెవరి పేరో ఉన్నా తెరవొద్దు. సంతకం సరిగ్గా ఉన్నా పూర్తి భరోసా లేదు. 2017లో కంప్యూటర్‌ని శుభ్రం చేసే టూల్ సీక్లీనర్ 5.33 మాల్వేర్‌తో సహా అసలైన సంతకంతోనే బయటికొచ్చింది.

ఇక హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి విలువ. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అని కొట్టి ఫైలు పాత్ ఇస్తే 64 అక్షరాల షా-256 హ్యాష్ వస్తుంది. తయారీదారు సైట్‌లో ఉన్నదానితో మొత్తం పోల్చండి, మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి సరిపెట్టుకోవద్దు. తేడా ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగి ఉండొచ్చు, వెర్షన్ వేరై ఉండొచ్చు. మళ్లీ దించినా కలవకపోతే వదిలేయండి. కలిసినా ఒక చిక్కుంది: సైటే హ్యాకర్ల చేతిలో పడితే హ్యాష్‌నీ మార్చేస్తారు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌లో డౌన్‌లోడ్ లింకునే దొంగ ఐఎస్ఓకి (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఫైలుకి) మళ్లించారు.

అదే హ్యాష్‌ని, ఫైళ్లని చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో వెతకండి. ఎవరైనా ఇంతకుముందే పంపి ఉంటే ఫలితం వచ్చేస్తుంది, అప్‌లోడ్ అక్కర్లేదు. అప్‌లోడ్ చేసినవి సెక్యూరిటీ సంస్థలకూ అందుతాయి, అందుకని సొంత పత్రాలు పంపొద్దు. ఎన్ని ఇంజిన్లు పట్టుకున్నాయన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. డెబ్బై ఇంజిన్లలో పెద్దగా పేరులేని ఒకటో రెండో "జెనరిక్" (ఫలానా మాల్వేర్ అని తేల్చని పేరు) అంటే తరచూ తప్పుడు హెచ్చరికే. పేరున్న నాలుగైదు ఒకే మాల్వేర్ కుటుంబం పేరు చెబితే డిలీట్ చేయాల్సిందే. సున్నా వచ్చిందా? డీటెయిల్స్‌లో మొదటిసారి పంపిన తేదీ చూడండి. అది నిన్నటిదైతే ఇంజిన్లు ఇంకా గుర్తుపట్టి ఉండకపోవచ్చు, ఆ సున్నాకి విలువ లేదు. తొందర లేకపోతే కొన్నాళ్లు ఆగి రీఎనలైజ్ నొక్కండి.

ఇంకా తేలకపోతే, విండోస్ ప్రో ఉన్నవాళ్లు విండోస్ శాండ్‌బాక్స్‌లో (అసలు సిస్టమ్‌కి విడిగా ఉండే తాత్కాలిక విండోస్‌లో) నడిపి చూడొచ్చు, మూయగానే అందులోదంతా చెరిగిపోతుంది. కొన్ని మాల్వేర్లు శాండ్‌బాక్స్‌ని పసిగట్టి నోరు మెదపవు. అందులో ఉన్నంతసేపు మీ అకౌంట్లలోకి లాగిన్ కావొద్దు.